ఆఫీసు ఫైళ్లలో నడిచిన వివక్షను కూడా తెర మీద చూపాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో వర్ణ వివక్ష చట్టాలు అమల్లో ఉన్న రోజుల్లో ఉద్యోగాలు చేసిన నల్లజాతి మహిళల మీద తీసిన సినిమాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో లెక్కలు కట్టిన ముగ్గురు నల్లజాతి మహిళల మీద 2016లో వచ్చిన ‘హిడెన్ ఫిగర్స్’ సినిమాలోని రెండు సన్నివేశాలను ఆ వ్యాసం జరిగిన చరిత్రగా రాసింది. గణిత శాస్త్రవేత్త కాథరిన్ జాన్సన్ టాయిలెట్ కోసం ఫైళ్లు పట్టుకుని అర మైలు పరుగెత్తడం ఒకటి. సంగతి తెలిసిన పై అధికారి ‘నల్లవారికి’ అన్న బోర్డును అందరి ముందూ బద్దలు కొట్టడం రెండోది. ఆ రెండూ తెర కోసం అల్లినవి.

సినిమా అన్నాక కొంత కల్పన తప్పదు. ఆ సినిమా రాకముందు అందులోని ముగ్గురు మహిళలు డొరొతీ వాన్, మేరీ జాక్సన్, కాథరిన్ జాన్సన్ పేర్లు అమెరికాలోనే చాలామందికి తెలియవు. ఆ మేలు చిన్నది కాదు. నా బాధల్లా ఈ కోవ సినిమాలు వివక్షను ఎప్పుడూ ఒక దుర్మార్గుడి ముఖంలోనో, గోడకు కొట్టిన బోర్డులోనో చూపించి వదిలేస్తాయని. ఉద్యోగాల్లో వివక్ష ప్రధానంగా నడిచింది దరఖాస్తు ఫారాల్లో, జీతాల గ్రేడుల్లో, నివేదికల అట్టల మీద ఎవరి పేరు ఉండాలన్న నిర్ణయాల్లో, తరగతికి వెళ్లాలంటే తెచ్చుకోవాల్సిన అనుమతుల్లో. ఆ మహిళలు దానితో తలపడిందీ అక్కడే. ఆ భాగం పక్కన పెడితే వాళ్ల తెలివితేటల్లో సగం మనకు కనబడకుండా పోతుంది.

ముందు టాయిలెట్ సంగతే చూద్దాం. ఈ ముగ్గురూ పనిచేసింది వర్జీనియా రాష్ట్రం హాంప్టన్‌లోని లాంగ్లీ ప్రయోగశాలలో. విమానాల మీద పరిశోధన చేసే ఆ ప్రభుత్వ ప్రయోగశాల తర్వాత నాసాలో భాగమైంది. అక్కడ నల్లజాతి వాళ్ల టాయిలెట్లకు మాత్రమే బోర్డు ఉండేది. తెల్లవాళ్లవాటికి ఏ రాతా ఉండేది కాదు. 1953లో ఉద్యోగంలో చేరిన కాథరిన్ బోర్డు లేని టాయిలెట్‌నే వాడుకున్నారు. చాలాకాలం ఎవరూ గమనించలేదు. తర్వాత ఎవరో అభ్యంతరం చెప్పినా ఆమె పట్టించుకోలేదు, అంతటితో ఆ గొడవ ఆగిపోయింది. అవమానం జరిగింది మేరీ జాక్సన్‌కు. ప్రయోగశాల తూర్పు భాగంలో పని మీద వెళ్లినప్పుడు టాయిలెట్ ఎక్కడుందని అక్కడి తెల్ల మహిళలను అడిగితే, నీ టాయిలెట్ ఎక్కడుందో మాకేం తెలుసన్నట్టు నవ్వారు. మేరీ ఆ కోపాన్ని అణచుకోలేకపోయారు. దారిలో కలిసిన కజిమిర్జ్ జార్నెకీ అనే ఇంజనీరు ముందు కడుపులో ఉన్నదంతా కక్కేశారు. ఆయన విని, నా దగ్గర పనిచేస్తావా అని అడిగారు. ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన ఘట్టం అది. సినిమా మేరీకి జరిగిన అవమానాన్ని కాథరిన్‌కు తగిలించి, దాని పరిష్కారాన్ని ఒక తెల్ల అధికారి చేతికి ఇచ్చింది. బోర్డు పగిలింది, చప్పట్లు మోగాయి. నిజానికి ఆ అధికారి పాత్ర కూడా కొందరిని కలిపి తయారు చేసిందే.

టాయిలెట్ విషయం చిన్నదని ఎవరూ అనుకోకూడదు. 1943 డిసెంబరులో బాల్టిమోర్‌లోని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో టాయిలెట్లు వేరు చేయాలని తెల్ల కార్మికులు సమ్మెకు దిగారు. ప్రపంచ యుద్ధం మధ్యలో సైన్యానికి సామగ్రి చేసే ఫ్యాక్టరీ అది. చివరికి సైన్యమే వచ్చి ఫ్యాక్టరీని తన చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. ఇంత పెద్ద గొడవ మీద సినిమా తీయవచ్చు. కానీ కాథరిన్ చేసిన పని వేరు: బోర్డును లెక్కచేయకుండా రోజూ అదే తలుపు తోసుకుని వెళ్లడం. ఏ సంగీతమూ లేకుండా ఏళ్ల తరబడి సాగిన ఆ పనిని తెర మీద చూపించడం కష్టమే. కష్టమని వదిలేస్తే మనకు మిగిలేది బోర్డు పగిలే సన్నివేశమే.

అసలు ఆ ప్రయోగశాలలోకి వీళ్లు ఎలా రాగలిగారో చూస్తే కాగితాల బలం తెలుస్తుంది. 1914 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్లు ఫొటో జత చేయాలి. చర్మం రంగు చూసి దరఖాస్తు పక్కన పడేయడానికి అది చాలు. ఆ నిబంధనను 1940లో తీసేశారు. మరుసటి ఏడాది కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, రక్షణ పరిశ్రమల్లో నల్లజాతి వాళ్లకు ఉద్యోగాలివ్వకపోతే వాషింగ్టన్ మీదకు భారీ ఊరేగింపు తెస్తామని హెచ్చరించారు. దాంతో 1941 జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశారు. రక్షణ పరిశ్రమల్లోనూ ప్రభుత్వంలోనూ జాతిని బట్టి వివక్ష చూపరాదన్నది దాని సారాంశం. యుద్ధం వల్ల పనివాళ్ల కొరత కూడా తోడై, 1943లో లాంగ్లీ తలుపులు నల్లజాతి మహిళలకు తెరుచుకున్నాయి. డొరొతీ వాన్ ఆ డిసెంబరులో చేరారు. అంతకుముందు ఆమె ఫామ్‌విల్ ఊళ్లో మోటన్ హైస్కూల్లో లెక్కల టీచరు, జీతం ఏడాదికి 850 డాలర్లు. ఆ జీతం చాలక వేసవిలో సైనిక శిబిరం లాండ్రీలో గంటకు 40 సెంట్లకు పనిచేశారు. లాంగ్లీలో మొదటి జీతం ఏడాదికి 2,000 డాలర్లు. ఈ అంకెలు తెలిస్తే, భర్తనూ పిల్లలనూ వదిలి వేరే ఊరికి బస్సెక్కడం వెనకున్న లెక్క అర్థమవుతుంది.

చేరాక ఎదురైన పరిస్థితి ఇది. అప్పట్లో ‘కంప్యూటర్’ అంటే లెక్కలు కట్టే మనిషి. లాంగ్లీ 1935లో ఐదుగురు తెల్ల మహిళలతో ఆ విభాగం మొదలుపెట్టింది. నల్లజాతి మహిళలు వచ్చాక వాళ్లను పశ్చిమ భాగంలో వేరే గదిలో కూర్చోబెట్టి వెస్ట్ ఏరియా కంప్యూటింగ్ అన్నారు. పని రెండు గదుల్లోనూ ఒకటే. విండ్ టన్నెల్లో విమానం నమూనాను ఉంచి గాలి వదిలితే, నమూనాకు చేసిన సన్నని రంధ్రాల దగ్గర పీడనం ఎంతో వరసగా పెట్టిన గాజు గొట్టాల్లోని ద్రవం ఎత్తు చెబుతుంది. ఆ గొట్టాలను ఫొటో తీస్తారు. మహిళలు ఫిల్మ్ చూసి ఒక్కో గొట్టంలోని ఎత్తునూ చదివి, పెద్ద డేటా షీటులో గడి గడికీ రాసుకోవాలి. ఇంజనీరు ఇచ్చిన సూత్రాన్ని ముక్కలు చేసి, మూడో కాలమ్‌లో దీన్ని దీనితో గుణించు, నాలుగో కాలమ్‌లో ఇందులోంచి తీసేయి అన్నట్టు వరస పెట్టుకుంటారు. గుణింతాలూ భాగహారాలూ ఫ్రైడెన్, మార్చంట్, మన్రో కంపెనీల టేబుల్ యంత్రాల మీద కడతారు. ఒకరు కట్టింది ఇంకొకరు మళ్లీ చూస్తారు. చివర్లో గ్రాఫు గీస్తారు. మొదటి కాలమ్‌లో ఒక అంకె తప్పు చదివితే షీటు చివరి దాకా తప్పే. ఇంత ఏకాగ్రత కావాల్సిన పనిని మగ ఇంజనీర్లకంటే మహిళలే వేగంగా, తప్పుల్లేకుండా చేస్తున్నారని ఆ సంస్థ 1942 నాటి అంతర్గత కాగితాల్లోనే ఒప్పుకుంది. అయినా వాళ్లను పెట్టిన తరగతి పేరు సబ్-ప్రొఫెషనల్. అలాంటి డిగ్రీతోనే వచ్చిన మగవాడు ప్రొఫెషనల్ తరగతిలో చేరేవాడు. ఒక్క పదం తేడాతో జీతం, హోదా, ప్రమోషన్ దారి అన్నీ వేరైపోయేవి. ఈ పని ఎలా చేసేవాళ్లో ఒక్క ఐదు నిమిషాలు చూపిస్తే ప్రేక్షకుడికి ఆ అన్యాయం తనంతట తనకే తెలుస్తుంది. సినిమాలో నల్లబల్ల మీద సమీకరణాలు చకచకా రాస్తుంటే వీళ్లు పుట్టుమేధావులన్న భావన కలుగుతుంది కానీ, డేటా షీటు మీద పడ్డ చాకిరీ కనబడదు.

ఆ గదిలోని మరో మహిళ మిరియమ్ మాన్ సంగతి సినిమాలో లేదు. భోజనశాలలో వెనక మూల ఒక బల్ల మీద ‘కలర్డ్ కంప్యూటర్స్’ (నల్లజాతి కంప్యూటర్లు) అన్న చిన్న అట్ట పెట్టేవారు. మిరియమ్ దాన్ని తీసి తన చేతిసంచీలో వేసుకునేవారు. కొన్నాళ్లకు కొత్త అట్ట వచ్చేది. ఆమె దాన్నీ తీసి సంచీలో వేసుకునేవారు. చివరికి ఒకరోజు అట్ట రావడం ఆగిపోయింది. ఉద్యోగం పోయే ప్రమాదం ఉందని తెలిసీ ఆమె చేసిన పని అది. బోర్డు పగలగొట్టే అధికారి పాత్రను కల్పించేముందు, బోర్డు తీసేసిన నల్లజాతి మహిళ చరిత్రలో నిజంగానే ఉందని ఎవరైనా గుర్తు చేసి ఉంటే ఎంత బాగుండేది!

హాంప్టన్ ఊరి గురించి కూడా ఒక మాట. ప్రజలు గుమిగూడే ప్రతి హాల్లోనూ తెల్ల, నల్ల వాళ్లను వేరువేరుగా కూర్చోబెట్టాలన్న వర్జీనియా చట్టం 1926లో వచ్చింది. 1925లో నల్లజాతి విద్యార్థుల కళాశాల అయిన హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో ఇరువర్గాలూ పక్కపక్కన కూర్చున్నాయన్న గొడవే దానికి మూలం. అదే ఊళ్లో, కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో ఈ మహిళలు పనిచేశారు. గేటు లోపల కేంద్రం ఉత్తర్వు, బయట రాష్ట్రం చట్టం. ఆ రెంటి మధ్య ఊగిసలాటే వాళ్ల దినచర్య.

మేరీ జాక్సన్ కథలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. 1951లో చేరిన ఆమెకు జార్నెకీ దగ్గర నాలుగడుగుల సూపర్‌సోనిక్ ప్రెజర్ టన్నెల్లో పని దొరికింది. 60,000 హార్స్‌పవర్‌తో, ధ్వనికి దాదాపు రెట్టింపు వేగంతో గాలి వీచే టన్నెల్ అది. ఇంజనీరు శిక్షణలో చేరమని ఆయనే ప్రోత్సహించారు. అందుకు కావాల్సిన లెక్కలు, భౌతిక శాస్త్రం సాయంత్రపు తరగతులను వర్జీనియా విశ్వవిద్యాలయం హాంప్టన్ హైస్కూల్లో నడిపేది. అది తెల్లవాళ్ల బడి. సినిమాలో మేరీ కోర్టుకెక్కి జడ్జి మనసు కరిగించేలా మాట్లాడతారు. వాస్తవంలో కోర్టు లేదు, జడ్జి లేరు. ఆమె నగర పాలక సంస్థకు అర్జీ పెట్టుకుని ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. తీరా లోపలికి వెళితే, తన పిల్లలాంటి పిల్లలకు నిషేధించిన ఆ బడి పాతబడి, సరైన మరమ్మతుల్లేక ఉందని చూసి ఆశ్చర్యపోయారు. 1958లో ఆమె ఇంజనీరయ్యారు. కోర్టు ప్రసంగం వినసొంపుగా ఉంటుంది, నిజమే. కానీ పదిరోజులు ఆగి మళ్లీ రమ్మనే గుమస్తా ముందు కూర్చోవడంలోని అవమానం వేరు. పెద్ద కంపెనీల్లోనూ ప్రభుత్వ ఆఫీసుల్లోనూ ఈరోజుకీ ఎందరో పడేది ఆ రెండో అవమానమే.

డొరొతీ వాన్ విషయంలో సినిమా ఇంకా పెద్ద మార్పు చేసింది. 1961లో ఆమె సూపర్‌వైజర్ హోదా కోసం తెల్ల అధికారిణి చుట్టూ తిరుగుతున్నట్టు, చివర్లో ఐబీఎం కంపెనీ ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చాక అది దక్కినట్టు చూపించారు. వాస్తవానికి ఆమె 1949లోనే వెస్ట్ కంప్యూటింగ్‌కు ఇన్‌ఛార్జి. ఆ ఇన్‌ఛార్జి ముద్ర ఏడాదిన్నరకు పైగా అలాగే ఉంచి, 1951 జనవరిలో పూర్తి హోదా ఇచ్చారు. పని మొత్తం చేయించుకుంటూ హోదా మాత్రం వాయిదా వేయడం ఎలా ఉంటుందో చూపించడానికి అంతకంటే మంచి ఘట్టం దొరకదు. ఇక 1958లో నాసా ఏర్పడినప్పుడు వేరు గదుల పద్ధతి పోయింది. వెస్ట్ కంప్యూటింగ్‌ను రద్దు చేశారు. తెల్ల మహిళల విభాగం 1947లోనే మూతపడి వాళ్లంతా వేర్వేరు శాఖల్లో సర్దుకున్నారు కనుక, అప్పటికి పదేళ్లకు పైగా వేరుగా మిగిలింది ఈ గది ఒక్కటే. అది మూతపడడం అందరికీ మంచిదే. కానీ ఆ గదితో పాటే డొరొతీ సూపర్‌వైజర్ పదవీ పోయింది. కలిసిన శాఖలో ఆమె మామూలు ఉద్యోగిగా చేరి, ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ప్రోగ్రామర్‌గా పనిచేశారు. 1971లో పదవీ విరమణ దాకా మళ్లీ అలాంటి పదవి రాలేదు. వేర్పాటు పోయిన రోజునే పెద్ద నల్లజాతి అధికారిణి కుర్చీ కూడా పోవడం అమెరికా అంతటా జరిగింది. దక్షిణాది రాష్ట్రాల్లో బడులను కలిపినప్పుడు వేలాది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు అలాగే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. సినిమా దీన్ని తలకిందులు చేసి విజయంగా ముగించింది. ఈ ఒక్క మార్పును మాత్రం నేను కల్పన కింద సరిపెట్టుకోలేను. ఎందుకంటే దీనివల్ల ప్రేక్షకుడు తప్పు పాఠం నేర్చుకుంటాడు.

కాథరిన్ జాన్సన్ దగ్గరికి వస్తే, ఆమె పోరాటం సమావేశాల గది గుమ్మం దగ్గర జరిగింది. నివేదికల మీద ఇంజనీర్లు చర్చించే సమావేశాలకు తననూ రానివ్వమని అడిగితే, ఆడవాళ్లు రావడం ఆనవాయితీ లేదన్నారు. రాకూడదని చట్టం ఏమైనా ఉందా అని ఆమె అడిగారు. మళ్లీ మళ్లీ అడిగారు. చివరికి రానిచ్చారు. తర్వాత ఉపగ్రహాన్ని భూమి మీద అనుకున్న చోటి పైకి చేర్చాలంటే ఇంధనం ఆగిపోయే క్షణంలో దిశాకోణం ఎంత ఉండాలన్న లెక్క మీద టెడ్ స్కోపిన్‌స్కీతో కలిసి పనిచేశారు. ఆయన వేరే ఊరికి వెళ్లాల్సి వచ్చి, పనిలో ఎక్కువ భాగం చేసింది కాథరినే కనుక నివేదికను ఆమే ముగించాలని పై అధికారికి చెప్పారు. 1960 సెప్టెంబరులో అది ఇద్దరి పేర్లతో వెలువడింది. ఆ విభాగంలో ఒక మహిళ పేరు నివేదిక రచయితగా రావడం అదే మొదలు. సినిమాలో ఆమె పేరును కొట్టేయించే తోటి ఇంజనీరు పాత్ర కల్పితం. పేరు కొట్టేయించే దుర్మార్గుడు అక్కర్లేదు. లెక్కలు కట్టేవాళ్ల పేరు అట్ట మీద వేయకపోవడమే పద్ధతిగా ఉన్నప్పుడు మంచివాళ్లు కూడా ఆ పద్ధతి ప్రకారమే నడుచుకుంటారు.

వ్యోమగామి జాన్ గ్లెన్ ప్రయాణం సంగతీ అంతే. 1962 ఫిబ్రవరి 20న గ్లెన్ భూమిని మూడు చుట్లు చుట్టి 4 గంటల 55 నిమిషాల్లో తిరిగొచ్చారు. ఐబీఎం యంత్రం ఇచ్చిన అంకెలను ‘ఆ అమ్మాయి’ చేత, అంటే కాథరిన్ చేత, సరిచూపించమని ఆయన అడగడం నిజం. అయితే రాకెట్ పక్కన కౌంట్‌డౌన్ నడుస్తుండగా ఆమె నిమిషాల్లో తేల్చేసినట్టు సినిమా చూపించింది. అసలు లెక్కకు ఒకటిన్నర రోజు పట్టింది. మూడు చుట్ల ప్రయాణాన్ని నిమిషం నిమిషానికీ విడగొట్టి, 11 రకాల అంకెలను ఒక్కొక్కటీ ఎనిమిది అంకెల కచ్చితత్వంతో, టేబుల్ యంత్రం మీద చేత్తో కట్టి, ఐబీఎం కాగితంతో పోల్చి చూశారు. ఆ ఒకటిన్నర రోజును తెర మీద చూపించగల దర్శకుడు దొరికితే ఆ సినిమాను నేను పదిసార్లు చూస్తాను.

ఇలా మాటలకే ప్రాధాన్యం ఇచ్చి కాగితాన్ని వదిలేయడం 2024లో వచ్చిన ‘ది సిక్స్ ట్రిపుల్ ఎయిట్’లోనూ కనిపిస్తుంది. అమెరికా సైన్యంలోని 855 మంది నల్లజాతి మహిళల తపాలా బెటాలియన్ 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చేరింది. అక్కడ కిటికీలు నల్లగా కప్పేసిన, వేడి లేని గోదాముల్లో సైనికుల ఉత్తరాలు గుట్టలుగా పడి ఉన్నాయి. పార్సిళ్లలోని తినుబండారాలకు ఎలుకలు పట్టాయి. వీళ్లు రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఏడు రోజులు పనిచేశారు. షిఫ్టుకు దాదాపు 65,000 ఉత్తరాలు పంపారు. ఒక్క రాబర్ట్ స్మిత్ పేరుతోనే 7,500 మందికి పైగా ఉంటే, దాదాపు 70 లక్షల కార్డుల జాబితా తయారు చేసుకుని సైనికుడి సీరియల్ నంబరు చూసి ఎవరి ఉత్తరం వారికి చేర్చారు. ఆరు నెలల గడువిచ్చిన పనిని మూడు నెలల్లో ముగించారు. తనిఖీకి వచ్చిన జనరల్ అందరూ వరసలో లేరని కోప్పడి, నీకు పని నేర్పడానికి ఒక తెల్ల లెఫ్టినెంట్‌ను పంపుతానని కమాండర్ చారిటీ ఆడమ్స్‌ను బెదిరించాడు. షిఫ్టు దిగి నిద్రపోతున్నవాళ్లను పరేడ్ కోసం లేపనని ఆమె ఉద్దేశం. నేను చచ్చాకే సార్ అని ఆమె జవాబిచ్చారు. ఈ మాట సినిమాకు పతాక సన్నివేశమైంది.

అసలు తెలివి ఆ తర్వాత బయటపడింది. జనరల్ ఆమెను కోర్టు మార్షల్‌కు, అంటే సైనిక న్యాయస్థాన విచారణకు, పంపడానికి కాగితాలు సిద్ధం చేయించాడు. ఆడమ్స్, ఆమె అధికారిణులు కూర్చుని నిబంధనలు వెతికారు. జాతి భేదాన్ని ఎత్తిచూపే భాష వాడవద్దని మిత్రపక్షాల సైనిక ప్రధాన కార్యాలయం జారీ చేసిన ఆదేశం దొరికింది. తెల్ల లెఫ్టినెంట్ అన్న మాటతో జనరల్ దాన్ని ఉల్లంఘించాడని ఎదురు అభియోగం తయారుచేశారు. జనరల్ కేసు వదులుకున్నాడు. ధైర్యమైన మాట ఒకటే అయితే ఆమె శిక్షకు గురయ్యేవారేమో. ఆమెను నిలబెట్టింది ఆ ఎదురు కాగితం.

కాగితమే లేని చోట వివక్ష ఎలా ఉండేదో ఇళ్లలో పనిచేసిన మహిళల కథ చెబుతుంది. 2011లో వచ్చిన ‘ది హెల్ప్’ మిసిసిపీలోని జాక్సన్‌లో పనిమనుషుల గురించి తీసినదే కానీ కథ నడిపేది ఒక తెల్ల యువతి. పనిమనుషుల గొంతు సరిగా వినిపించలేదని అందులో నటించిన వయోలా డేవిస్ 2018లో స్వయంగా విచారం వ్యక్తం చేశారు. ఆ సినిమాలో చట్టం ఊసే తక్కువ. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం ఇంటి పనివాళ్లను, పొలం పనివాళ్లను వదిలేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో పనిచేసే నల్లజాతి మహిళల్లో ఎక్కువమంది ఉన్నది ఆ రెండు పనుల్లోనే. 1938 నాటి కనీస వేతన చట్టం ఇంటి పనివాళ్లకు వర్తించడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి యజమానురాలు చెడ్డదా మంచిదా అన్నది రెండో సంగతి. మంచిదైనా, 1950లో ఆ సామాజిక భద్రతా చట్టాన్ని సవరించే దాకా పనిమనిషి ముసలితనానికి పింఛను లేదు.

వీళ్ల పోరాటం కూడా కాగితం మీద ఉండేది కాదు. 1955 డిసెంబరు నుంచి బస్సుల్లో వర్ణ వివక్షకు నిరసనగా 381 రోజులు నడిచిన అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు వంటమనిషి జార్జియా గిల్మోర్ డబ్బు సమకూర్చారు. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ మీద నడిచిన కేసులో ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పారు. అందుకే ఉద్యోగం పోయింది. తన ఇంటి వంటింట్లోనే వండి అమ్మడం మొదలుపెట్టారు. తోటి మహిళలు కేకులు, భోజనాలు చేసి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేవారు. ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడిగితే ఎక్కడి నుంచీ కాదని చెప్పేలా ఆ బృందానికి క్లబ్ ఫ్రమ్ నోవేర్ అని పేరు పెట్టుకున్నారు. పేర్లు రాసిపెడితే యజమానులకు తెలిసి ఉద్యోగాలు పోతాయి కనుక కావాలనే రాయలేదు. బస్సులో సీటు ఇవ్వనందుకు అరెస్టయిన రోజా పార్క్స్ కూడా 1956 జనవరిలో డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కుట్టుపని ఉద్యోగం పోగొట్టుకున్నారు. బస్సులో సీటు ఇవ్వకపోవడం మీద ఎన్నో సన్నివేశాలు వచ్చాయి. ఉద్యోగం పోయాక ఇల్లు ఎలా గడిచిందో చూపించినవి తక్కువ.

సినిమాలు తీసేవాళ్లకు, వాటిని బడుల్లో చూపించే టీచర్లకు, మీ సమీక్షకులకు ఒక విన్నపం. ఇలాంటి సినిమా చూసేటప్పుడు ముందు సంవత్సరాలు రాసుకోండి. ఏ సన్నివేశం ఏ ఏడాది జరుగుతున్నట్టు చూపించారో, ఆ ఏడాదికి ఏ చట్టం అమల్లో ఉందో పక్కన పెట్టి చూస్తే సగం కల్పనలు అక్కడే బయటపడతాయి. 1958లో రద్దయిన వెస్ట్ కంప్యూటింగ్ గది 1961 కథలో కనబడడం అలా దొరికేదే. తర్వాత, అడ్డంకి తొలగినప్పుడు దాన్ని ఎవరు తొలగించారో చూడండి. కల్పిత పాత్ర తొలగించిందంటే, నిజంగా తొలగించిన మనిషి పేరు ఎక్కడో కనుమరుగైందన్నమాట. చివర్లో, సినిమా ముగిసిన రోజు తర్వాత ఆ ఉద్యోగికి ఏమైందో వెతకండి. పదేళ్ల తర్వాతి ఉద్యోగ రికార్డు చెప్పే నిజం ముగింపు పాట చెప్పదు. మీ పత్రిక సమీక్షతో పాటు చిన్న పెట్టెలో ఈ మూడు సంగతులు వేస్తే చదివేవాళ్లకు ఎంతో ఉపయోగం.

ఇంకా తీయాల్సిన సినిమాలున్నాయి. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించిన 1964 పౌర హక్కుల చట్టంలోని ఆ భాగం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించలేదు. 1972లో సవరణ వచ్చాకే వర్తించింది. అంటే చంద్రుడి మీదకు మనిషిని పంపిన సంవత్సరాల్లో నాసాలోని నల్లజాతి మహిళకు ఆ చట్టం అండ లేదు. 1971లో నాసాలో సమాన అవకాశాల విభాగం అధిపతిగా చేరిన రూత్ బేట్స్ హారిస్‌ను, 1973లో ఆ సంస్థ కార్యక్రమం దాదాపు పూర్తిగా విఫలమైందని నివేదిక రాసినందుకు ఉద్యోగం నుంచి తీసేశారు. గొడవ అమెరికా చట్టసభ (కాంగ్రెస్) దాకా వెళ్లాక 1974లో మళ్లీ తీసుకున్నారు. ఆ నివేదిక రాసిన రాత్రుల కథ ఇంతవరకూ వెండితెర మీద చూడలేదు. మేరీ జాక్సన్ కథ రెండో సగమూ అలాగే మిగిలిపోయింది. ఇరవై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినా మేనేజ్‌మెంట్ స్థాయికి వెళ్లే దారి కనబడక, 1979లో ఆమె కావాలనే తక్కువ హోదాకు దిగి, మహిళల నియామకాలు, ప్రమోషన్లు చూసే ఫెడరల్ విమెన్స్ ప్రోగ్రామ్ మేనేజర్ ఉద్యోగంలో చేరారు. 1985లో పదవీ విరమణ దాకా ఇతరుల దరఖాస్తులు, ప్రమోషన్ల ఫైళ్లు చూస్తూ గడిపారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు